సంఘంలో ఎదుగుతున్న యువతకు నాయకత్వం ఎలా అప్పగించాలి?

మూడేళ్ల కిందట మా సంఘంలో గుడ్ ఫ్రైడే ఆరాధనకు, యేసు సిలువ మీద పలికిన ఏడు మాటల్లో ఐదోదాని మీద మాట్లాడే అవకాశం యూత్‌లోని ఒక తమ్ముడికి ఇచ్చాం. 'నేను దప్పిగొనుచున్నాను' అన్న మాట. ఇంజినీరింగ్ ఆఖరి సంవత్సరం పిల్లవాడు. పదిహేను నిమిషాలు మాట్లాడాలి. మైకు పట్టుకున్న నాలుగు నిమిషాలకే గొంతు ఆగిపోయింది, చేతిలో కాగితం వణుకుతోంది. "ప్రార్థన చేసుకుందాం" అని ముగించేసి వెళ్లి వెనక స్తంభం పక్కన కూర్చున్నాడు. మూడింటికి ఆరాధన అయిపోయింది. ఎవరి చెప్పులు వాళ్లు వెతుక్కుని ఇళ్లకు వెళ్లిపోయాం. నేనూ వెళ్లిపోయాను. ఈస్టర్ రోజు అతను కనిపించలేదు. ఆ పై ఆదివారం కూడా రాలేదు.

అతని పేరు రాయించింది నేనే. అంతకుముందు ఒక్కరోజు అతనితో కూర్చోలేదు, అయ్యాక ఒక్క మాట మాట్లాడలేదు. యూత్‌కి ఛాన్స్ ఇచ్చామని మనం సంతోషపడే చాలా చోట్ల జరిగేది ఇదే. ఆ తర్వాత నేను ఒక అలవాటు పెట్టుకున్నాను: పనికి ముందు ఒక గంట, పని అయ్యాక ఒక టీ. కింద రాసినవన్నీ ఆ రెండింటి చుట్టూ తిరిగే విషయాలే. మీరు పాస్టర్ అయినా, సంఘ పెద్ద అయినా, సండే స్కూల్ టీచర్ అయినా మొదలుపెట్టొచ్చు.

1. ఆరాధన అయ్యాక పది నిమిషాలు గుమ్మం దగ్గర నిలబడండి

బాగా పాడేవాళ్లు, గట్టిగా ప్రార్థన చేసేవాళ్లు అందరికీ కనిపిస్తారు. మీరు చూడాల్సింది మిగతావాళ్లను. జంపఖానాలు మడిచేది ఎవరు? కొత్తగా వచ్చి గోడవారగా నిలబడ్డ అబ్బాయిని పలకరించేది ఎవరు? వాళ్లమ్మ వచ్చేదాకా సండే స్కూల్ పిల్లను వదలకుండా పక్కనే ఉండేది ఎవరు? జిల్లాల నుంచి వచ్చి అమీర్‌పేట, దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలో ఉంటూ కోచింగ్ తీసుకునే పిల్లలు హైదరాబాద్ సంఘాల్లో చాలామంది ఉంటారు. వాళ్లలో ఒకరు రెండు వారాలు కనపడకపోతే ఫోన్ చేసి "జ్వరమొచ్చిందా, తింటున్నావా" అని అడిగే మనిషి సంఘంలో ఎవరో ఒకరు ఉంటారు. ఆ పేరు రాసుకోండి. అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయంలో ఏడుగురిని ఏర్పరచింది విధవరాళ్లకు రోజూ ఆహారం సరిగ్గా అందడం కోసమే కదా.

పాస్టర్‌గారి అబ్బాయి, కమిటీ పెద్దల పిల్లలు అర్హులైతే తప్పకుండా తీసుకోండి. కానీ వెతకడం అక్కడే ఆగిపోతే, మిగతా పిల్లలకు ఒక సంగతి అర్థమైపోతుంది, వాళ్లు మెల్లగా వేరే సంఘం చూసుకుంటారు. తర్వాత పౌలు అని పేరొచ్చిన సౌలును వెతుక్కుంటూ బర్నబా తార్సు దాకా వెళ్లాడు. మనం బోరబండ దాకా వెళ్లొచ్చు.

ఆడపిల్లల సంగతి విడిగా చెప్పాలి. సండే స్కూలు, వేసవి సెలవుల్లో పిల్లలకు పెట్టే బైబిల్ తరగతులు (వీబీఎస్) మొత్తం మోసేది వాళ్లే. కమిటీ దగ్గరికి వచ్చేసరికి వాళ్ల పేర్లు ఉండవు. దక్షిణ ఇండియా సంఘంలో (సీఎస్ఐ) మొదటి మహిళా బిషప్ మన తెలుగు నేల మీదే, 2013లో, నంద్యాల అధ్యక్ష మండలానికి వచ్చారు, పుష్పలలిత గారు. బోధ విషయంలో మీ సంఘం పద్ధతి వేరే అయినా సరే, లెక్కలు, పిల్లల పరిచర్య, కార్యక్రమాల ప్లానింగ్ ఆడపిల్లల చేతికి ఇవ్వడానికి ఏ అడ్డూ లేదు.

ఒకసారికి ఇద్దరు, మహా అయితే ముగ్గురు. అంతకంటే ఎక్కువమందితో మీరు టీ తాగలేరు.

2. ఇంటికి వెళ్లి అడగండి

ప్రకటనల టైములో స్టేజీ మీద నుంచి పేరు పిలిచేస్తే ఆ పిల్ల "వద్దు" అనలేదు. ఇంటికి వెళ్లండి, అమ్మానాన్నల ముందు అడగండి. పని ఏమిటి, ఎన్ని నెలలు, వారానికి ఎన్ని గంటలు, పక్కన ఎవరుంటారు, రాత్రి ఆలస్యమైతే ఇంటి దగ్గర ఎవరు దింపుతారు, అన్నీ అక్కడే చెప్పేయండి. ఆరు నెలలని గడువు పెడితే ఇద్దరికీ మంచిది. నచ్చకపోతే మొహమాటం లేకుండా ఆగిపోవచ్చు.

మన పిల్లల రోజు ఎలా ఉంటుందో కూడా తెలుసుకోండి. గచ్చిబౌలిలో నైట్ షిఫ్ట్ చేసి శనివారం పొద్దున దిగిన అమ్మాయికి ఆ సాయంత్రమే ప్రాక్టీసు పెడితే ఎలా వస్తుంది? సెమిస్టర్ పరీక్షలప్పుడు, గ్రూప్స్ రాసేటప్పుడు పని తగ్గించండి. "దేవుని పని ముందు, చదువు తర్వాత" అని పెద్దవాళ్లు అనడం నేను విన్నాను. అలా అనకండి. ఆ పిల్లవాడు ఫెయిలైతే ఇంట్లో నిందపడేది సంఘం మీద, అతను నమ్మిన దేవుని మీద.

3. చిన్న పనిని మొత్తంగా ఇవ్వండి

పెద్ద పనిలో చిన్న ముక్క ఇస్తే కుర్చీలు మోయడమే నేర్చుకుంటారు. చిన్నదైనా మొదటి నుంచి చివరి దాకా వాళ్లదే అయితే నాయకత్వం నేర్చుకుంటారు. మా దగ్గర రెండు పనులు దీనికి బాగా పనికొచ్చాయి.

మొదటిది బుధవారం ఎవరో ఒకరి ఇంట్లో జరిగే ప్రార్థన కూటం, కాటేజ్ ప్రేయర్. రెండు గదుల ఇల్లు, పదిహేను మంది, ఒక గంట. భయం తక్కువ. మొదటి నెల నాతో పాటు వచ్చి చూస్తారు. రెండో నెల పాటలు ఎంచుకోవడం, ప్రార్థన మనవులు రాసుకోవడం వాళ్ల పని. మూడో నెల పదిహేను నిమిషాల వాక్యం. అప్పుడు నేను గుమ్మం పక్కన కూర్చుంటాను, కళ్లు బైబిల్ మీద పెట్టుకుంటాను. వాళ్ల ముఖం వైపు చూస్తూ ఉంటే ప్రతి వాక్యానికీ నా ముఖం చదువుకుంటారు. నాలుగో నెల నేను వెళ్లను.

రెండోది డిసెంబర్‌లో ఇంటింటికీ వెళ్లి క్రిస్మస్ పాటలు పాడే క్యారల్ రౌండ్స్. ఏ రోజు ఏ వీధి, అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌కి ముందే ఎవరు చెప్పాలి, కీబోర్డ్ ఎవరి బండి మీద, చిన్నపిల్లల్ని తొమ్మిదింటికల్లా ఇళ్లకు ఎవరు చేర్చాలి, అన్నీ వాళ్లే రాసుకుంటారు. కానుకల డబ్బా విషయంలో మాత్రం పద్ధతి నేర్పిస్తాను. డబ్బా ఏ ఒక్కరి ఇంట్లోనూ తెరవకూడదు. ఆ రాత్రే చర్చిలో ముగ్గురి ముందు తెరవాలి. ఐదొందలు, రెండొందలు, వందలు, చిల్లర విడివిడిగా పేర్చి, ఏ నోట్లు ఎన్నో కాగితం మీద రాసి, ముగ్గురూ సంతకం పెట్టి, ఆ కాగితం ఫోటో తీసి గ్రూపులో పెట్టాలి. ఇరవై ఏళ్ల వయసులో ఇలా లెక్క అప్పజెప్పినవాళ్లకు, నలభై ఏళ్లకు ట్రెజరర్ అయ్యాక ఎవరూ నేర్పాల్సిన పని ఉండదు.

4. ముందు ఒక గంట

హైదరాబాద్‌లో ఇప్పుడు అసలు కష్టం ఇక్కడే ఉంది. మన పిల్లలు ఇంగ్లిష్ మీడియం. తెలుగు ఇంట్లో మాట్లాడతారు, చదవడం సరిగ్గా రాదు. పాటలు ఇంగ్లిష్ అక్షరాల్లో ఉన్న తెలుగు చూసి పాడతారు. తెలుగు బైబిల్‌ది గ్రాంథిక భాష. 'సెలవిచ్చుచున్నాడు', 'ప్రాయశ్చిత్తము', 'వాత్సల్యము' దగ్గర ఆగిపోతారు. సంఘంలో ఎవరో నవ్వుతారు. అంతే, ఇంకోసారి మైకు ముట్టుకోరు.

కాబట్టి ఆ గంటలో మొదట భాగాన్ని మూడుసార్లు పైకి చదివించండి. మొదటిసారి అడ్డు తగలొద్దు. తప్పు పలికిన మాటలు పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోండి. రెండోసారి ఆ మాటలు విడగొట్టి చదివించండి, అర్థం చెప్పండి. మూడోసారి నిలబడి చదవమనండి. తర్వాత బైబిల్ మూసేసి "ఇప్పుడు మీ చెల్లికి చెప్పినట్టు చెప్పు" అనండి. ఒక అమ్మాయి తప్పిపోయిన కుమారుని కథ చెబుతూ, "వాళ్ల నాన్న రోజూ గేటు దగ్గర చూసేటోడు అంకుల్, లేకుంటే అంత దూరంలో ఉన్నప్పుడే ఎట్ల గుర్తుపట్టిండు?" అంది. నలభై ఏళ్లుగా వింటున్న కథ, నాకెప్పుడూ అలా తట్టలేదు. ఆదివారం కూడా ఇదే మాట, ఇలాగే చెప్పమన్నాను. పాస్టర్‌గారి గొంతు, యూట్యూబ్ ప్రసంగీకుల అరుపు అనుకరించనివ్వకండి.

చెప్పే సంగతి ఒకటే ఉండాలి. ఫోన్‌లో టైమర్ పెట్టి ఒకసారి మొత్తం వినండి. కాగితం మీద పెద్ద అక్షరాలతో నాలుగు లైన్లు, అది చాలు. మా ఐదో మాట తమ్ముడి చేతిలో ఆ రోజు ఉన్నది నెట్‌లో నుంచి దింపిన ఆరు పేజీలు. నేను అది ముందే చూసి ఉండాల్సింది.

5. తర్వాత ఒక టీ

ఆ రోజు ఒక్క మంచి మాట మాత్రమే చెప్పండి, అది నిజమైనదై ఉండాలి. "సూపర్ బ్రదర్" అంటే ఎవరికీ ఏమీ తెలియదు. "ఆ రెండో వచనం దగ్గర నువ్వు ఆగి చదివావు చూడు, నాకు బాగా తగిలింది" అంటే గుర్తుండిపోతుంది.

సరిదిద్దాల్సింది ఉంటే రెండు రోజులు ఆగండి. గ్రూపులో పెట్టొద్దు, కమిటీలో ఎత్తొద్దు. అపొల్లో సమాజమందిరంలో మాట్లాడుతుంటే అకుల, ప్రిస్కిల్ల అందరి ముందూ తప్పు పట్టలేదు, చేర్చుకుని విడిగా వివరించారు. మా దగ్గర ఇరానీ హోటల్ ఉంది, నేను అక్కడికి తీసుకెళ్తాను. టీ, ఉస్మానియా బిస్కెట్లు వచ్చాక "నీకెలా అనిపించింది?" అని అడిగి ఊరుకుంటాను. చాలాసార్లు నేను చెప్పాలనుకున్న తప్పు వాళ్లే చెప్పేస్తారు. అప్పుడు నాకు మిగిలే పని, అంత పెద్ద తప్పేం కాదని చెప్పడం, వచ్చేసారికి ఒక్కటంటే ఒక్కటి మార్చుకోమనడం.

పని గురించే మాట్లాడి లేవకండి. ఉద్యోగం, ఇంట్లో గొడవలు, పెళ్లి టెన్షన్, ప్రార్థన చేయబుద్ధి కాని రోజులు, ఇవన్నీ రెండో టీకి బయటికొస్తాయి. విన్నది మీ దగ్గరే ఉండాలి. 'ప్రార్థన మనవి' అనే పేరుతో నలుగురికీ చెప్పిన రోజు మీ దగ్గరికి మళ్లీ ఎవరూ రారు.

6. పడిపోయినప్పుడు

పౌలు, బర్నబాలతో సువార్త పనికి వెళ్లిన మార్కు పంఫూలియలో పని మధ్యలో వదిలేసి వెళ్లిపోయాడు. పౌలు ఇక వద్దన్నాడు. బర్నబా ఆ పిల్లవాడిని వెంటబెట్టుకుని కుప్రకు ఓడ ఎక్కాడు. తర్వాత ఎప్పటికో అదే పౌలు, మార్కును తీసుకురమ్మని తిమోతికి రాశాడు. తడబాటు, బద్ధకం, మాట తప్పడం, కోపం, వీటన్నిటికీ ఇదే దారి. పనిలో నుంచి కొన్నాళ్లు ఆపాల్సి వచ్చినా, మనిషికి ఫోన్ చేయడం ఆపకండి.

ఒక హద్దు మాత్రం ఉంది. పిల్లల భద్రత విషయంలో 'చిన్నవాడు, నేర్చుకుంటాడు' అనే మాట చెల్లదు. సండే స్కూల్ గదిలో ఎప్పుడూ ఇద్దరు పెద్దవాళ్లు ఉండాలి, తలుపు తీసే ఉండాలి, ఒక్క పిల్లను ఒక్కరే బండి మీద తీసుకెళ్లకూడదు. బాధ్యత ఇచ్చే రోజే ఈ నియమాలు చెప్పండి. పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిస్తే పోలీసులకు చెప్పడం 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం తప్పనిసరి. సంఘం పరువు అని లోపలే సర్దుకోవడం నేరమవుతుంది. చైల్డ్ హెల్ప్‌లైన్ 1098 గోడ మీద రాసి పెట్టండి.

7. కమిటీలో వాళ్ల తరఫున మాట్లాడండి

"నిన్నమొన్నటి పిల్లలు, వాళ్లకేం తెలుసు" అనే మాట తప్పకుండా వస్తుంది. 1912లో వేదనాయగం శామ్యూల్ అజరయ్య గారిని డోర్నకల్ బిషప్‌గా చేద్దామన్నప్పుడు కూడా చాలామంది వ్యతిరేకించారు. అప్పటిదాకా భారతీయుడెవరూ ఆంగ్లికన్ బిషప్ కాలేదు. ఆయన వయసు 38. మద్రాస్ బిషప్ హెన్రీ వైట్‌హెడ్ పట్టుబట్టి నిలబడ్డారు. దానికి రెండేళ్ల ముందు, 1910లో ఎడిన్‌బరో మిషనరీ మహాసభలో అజరయ్య గారు మిషనరీలను అడిగింది ఒకటే, మాకు స్నేహితుల్ని ఇవ్వండని. మన యూత్ మనల్ని అడుగుతున్నదీ అదే అనుకుంటాను. మీటింగులో మన కుర్చీ పక్కన వాళ్లకో కుర్చీ వేయించడం, వాళ్లు మాట్లాడేటప్పుడు మధ్యలో ఎవరైనా అందుకుంటే "పూర్తి చేయనివ్వండి" అనడం, ఈ పని మనమే చేయాలి.

8. తాళం చెవి ఇచ్చేయండి

గడువు అయ్యాక వాళ్లు బాగా చేస్తుంటే పని పూర్తిగా వాళ్లదే. మీరు చేసే పద్ధతిలో చేయరు. పాటలు మారతాయి, టైము మారుతుంది. అడిగితేనే చెప్పండి. ఎవరికైనా పూర్తికాల సేవకు పిలుపు ఉందనిపిస్తే తొందరపెట్టకుండా పాస్టర్‌గారితో కూర్చోబెట్టండి. మన ఊళ్లోనే ఆంధ్ర క్రిస్టియన్ థియలాజికల్ కాలేజీ ఉంది, వెళ్లి చూసి రమ్మనండి. అందరూ పాస్టర్లు కానక్కర్లేదు. నర్సుగా డ్యూటీ చేస్తూ కాటేజ్ ప్రేయర్ నడిపే అమ్మాయి కూడా నాయకురాలే.

ఇక ఐదో మాట తమ్ముడు. మూడో వారం నేనే అతని రూముకి వెళ్లాను, క్షమాపణ అడిగాను. "నాతోటి కాదన్నా" అన్నాడు. వాక్యం సంగతి పక్కన పెట్టి క్యారల్స్ లెక్కల్లో సాయం చేయమన్నాను. మొన్న డిసెంబర్‌లో రూటు మొత్తం అతనే వేసి నాకు పంపాడు. మా ఇల్లు రెండో రోజు, రాత్రి ఎనిమిదిన్నరకు. ముప్పై మందికి టీ పెట్టమని కింద రాశాడు.