పాత ఇంటి ఫోటోలను చదవడం ఎలా?

కావలసినవి ఒక భూతద్దం, మెత్తటి పెన్సిలు, నోటు పుస్తకం, మాటలు రికార్డు చేయడానికి ఫోను. చేతులు కడిగి పొడిగా తుడుచుకుని, ఫోటోలను అంచులతోనే పట్టుకోవాలి. జిగురు పేజీల ఆల్బమ్‌లో అంటుకుపోయినవాటిని పీకకుండా పేజీతో సహా 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కల స్పష్టతతో) స్కాన్ చేయించాలి.

తరువాత ఆకారాన్ని బట్టి వేరు చేయాలి. చదరపు నలుపు తెలుపు ఫోటోలు చాలావరకు అగ్ఫా క్లిక్-3 వంటి కెమెరాలతో, రీలుకు 12 చొప్పున తీసినవి కాబట్టి ప్రతిదాని వెనుకా ఎవరో ఒకరి నిర్ణయం ఉంటుంది. 36 ఫోటోల రీళ్లు వచ్చాక, కడిగించడానికి ఇచ్చేముందు మిగిలినవి అవగొట్టడానికి గేటునో, పిల్లినో, వంటింట్లో ఉన్న అమ్మనో తీసేవారు. నా లెక్కలో పెళ్ళి ఆల్బమ్ కంటే ఇవే విలువైనవి.

అసలు కష్టం పెద్దవాళ్ళను అడగడంలో ఉంది, అందరూ పాడుచేసేదీ ఇక్కడే. ఫోటోను ఫోనుతో తీసి కుటుంబ వాట్సాప్ గ్రూపులో పెట్టి "గుర్తుపట్టండి చూద్దాం" అంటే పేర్లే వస్తాయి, పైగా అందులో సగం తప్పులు. కాగితం ఫోటోనే పెద్దవాళ్ళ చేతికివ్వాలి, ఒక్కొక్కరినే కూర్చోబెట్టాలి, "ఇదెవరు?" అని మాత్రం మొదలుపెట్టకూడదు. మా పెద్దమ్మను అలా అడిగితే "మీ తాతయ్యే కదా" అని పేజీ తిప్పేసింది. మరునాడు అదే ఫోటోలో అరుగు మీదున్న ఇత్తడి బిందె గురించి అడిగితే, ఆ వేసవిలో మా నుయ్యి ఎండిపోయిందని, ఎదురింటివాళ్ళు రోజుకు రెండు బిందెలే తోడుకోనిచ్చేవారని, అందుకే తాతయ్య ముఖం అలా ఉందని అరగంట చెప్పింది.

జవాబును మనమే అందించకూడదు. "ఇది మామయ్య పెళ్ళే కదా?" అంటే మర్యాదకైనా అవునంటారు, ఆ తప్పు ఇక ఇంటి చరిత్ర అయిపోతుంది. ఇద్దరు రెండు రకాలుగా చెబితే తీర్పు చెప్పకుండా రెండూ రాసుకోవాలి. ఏదైనా ఫోటో దగ్గర వారి చేయి ఆగిపోతే రికార్డింగు ఆపి మౌనంగా కూర్చోవాలి. పోయిన బిడ్డ గురించి ఫోను ముందు మాట్లాడించడం అన్యాయం.

రంగులద్దే యాప్‌ల జోలికి పోవద్దు. పెద్దమ్మ చిలకాకుపచ్చ అని చెప్పిన చీరను యాప్ నీలం చేసింది, ఇప్పుడు పిల్లలు ఆ నీలాన్నే నమ్ముతున్నారు.

ఫోటో వెనుక బాల్‌పెన్నుతో రాస్తే అచ్చు ముందువైపుకు తేలుతుంది. పాత కాగితం మీద పెన్సిలుతో తేలిగ్గా రాయవచ్చు గాని, ప్లాస్టిక్ పూత ఉన్న రంగుల ఫోటోల మీద అది సరిగా పడదు. వాటిని విడి కవర్లలో పెట్టాలి; ఎవరు, ఎప్పుడు చెప్పారో ఫోటో లోపల పెట్టకముందే కవరు మీద రాయాలి.

చివరగా ఫోటో తీసిందెవరో వెతకాలి. సూర్యుడు వీపు వెనుక ఉండాలన్నది ఆనాటి నియమం కాబట్టి, సాయంత్రపు ఫోటోల కింది అంచున మోచేతులు పైకెత్తిన ఒక నీడ తరచుగా కనిపిస్తుంది. మా ఆల్బమ్‌లో తొమ్మిది ఫోటోల్లో ఆ నీడ ఉంది, ఆ మనిషి ఒక్కదానిలోనూ లేడు. అది మా చిన్న బాబాయి అని పెద్దమ్మే చెప్పింది. ఫోటోలో ఉన్నవారి పేర్లతో పాటు ఆ పేరునూ కవరు మీద రాసి పెట్టాలి.