షోరూమ్‌కు వెళ్లేముందు కరెంటు బిల్లు తీయండి

నేను ఉండేది హన్మకొండలో. స్టేషన్ ఘన్‌పూర్‌లో ఇంటర్ పిల్లలకు కామర్స్ చెబుతాను. రోజూ రానుపోను 60 కిలోమీటర్లు. పాత పెట్రోలు కారు అమ్మేసి ఎలక్ట్రిక్ కొన్నప్పటి నుంచి స్టాఫ్ రూమ్‌లో నన్ను అందరూ ఒకటే అడుగుతున్నారు: “సార్, ఎలక్ట్రిక్ తీసుకోమంటారా?” నేనూ వాళ్లను ఒకటే అడుగుతాను: “బండి రాత్రిపూట ఎక్కడ పెడతారు?”

సొంత గేటు లోపల, చేయి చాపితే ప్లగ్గు అందే చోట పెడతామంటే మిగతా లెక్క వేద్దాం. రోడ్డు పక్కన పెడతామంటే లెక్క వేరు, దాని గురించి మా బామ్మర్ది విషయం వచ్చినప్పుడు చెబుతాను.

ముందుగా ఒక నెల పాటు ఓడోమీటరు రాసుకోండి. అంచనాగా చెప్పొద్దు. నేను నెలకు వెయ్యి తిరుగుతానేమో అనుకునేవాణ్ణి, రాస్తే 1,600 తేలింది. మా మామగారు “చాలా తిరుగుతా అల్లుడూ” అన్నారు. రాయించి చూస్తే 310.

తర్వాత మీ ఇంటి కరెంటు బిల్లు తీయండి. అందరూ తప్పులో కాలేసేది ఇక్కడే. షోరూమ్‌లో కుర్రాడు యూనిట్ 5 రూపాయలు వేసి “కిలోమీటరుకు 70 పైసలే సార్” అంటాడు. మన తెలంగాణలో ఇంటి వాడకం నెలకు 200 యూనిట్లు దాటితే మొదటి 200కు 5.10 చొప్పున, ఆపై 300 దాకా 7.70, 400 దాకా 9 రూపాయలు, 800 దాకా 9.50 పడుతుంది. కారు తాగే కరెంటు మీ ఫ్యానూ ఫ్రిజ్జూ వాడేసిన తర్వాత పైన చేరుతుంది కాబట్టి దానికి పడేది పై శ్లాబు రేటే. గృహజ్యోతి కింద జీరో బిల్లు వచ్చే ఇల్లయితే ఇంకో మెలిక ఉంది: 200 దాటిన నెలలో ఆ జీరో పోతుంది.

మా ఇంటి మామూలు వాడకం 220 యూనిట్లు. నా బండి యూనిట్‌కు 7 కిలోమీటర్లు ఇస్తుంది. చార్జింగ్‌లో వేడి రూపంలో పోయేది కూడా కలిపితే 1,600 కిలోమీటర్లకు మీటరు మీద 256 యూనిట్ల దాకా తిరుగుతుంది. అందులో 80 యూనిట్లకు 7.70, 100 యూనిట్లకు 9, మిగిలిన 76కు 9.50. మొత్తం 2,238 రూపాయలు, అంటే కిలోమీటరుకు 1.40. కుర్రాడు చెప్పినదానికి సరిగ్గా రెట్టింపు. అయినా పెట్రోలుతో పోలిస్తే ఎక్కడో కిందే ఉంది. నేను లెక్క వేసినప్పటి ధర లీటరు 107 రూపాయల పైన పెట్టి, 15 మైలేజీ వేసుకుంటే కిలోమీటరుకు 7.16 అవుతుంది. ఇరవై శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలులో శక్తి కాస్త తక్కువ కాబట్టి పాత మైలేజీని లెక్కలోకి తీసుకోకండి. డీజిల్ అప్పుడు 95 రూపాయల పైన, 19 మైలేజీతో 5 రూపాయల చిల్లర. పెట్రోలుతో చూస్తే నాకు నెలకు 9,200 మిగులుతోంది.

ఇక కొనుగోలు ధర. ఎక్స్-షోరూమ్ ధరలు పోల్చకండి, ట్యాక్సులు, ఇన్సూరెన్సు అన్నీ కలిపిన ఆన్‌రోడ్ కొటేషన్లు రెండు కార్లకూ కాగితం మీద రాయించుకోండి. ఎలక్ట్రిక్ మీద జీఎస్టీ 5 శాతమే. చిన్న పెట్రోలు, డీజిల్ కార్ల మీద 2025 సెప్టెంబర్ 22 నుంచి 18కి దిగింది కాబట్టి అంతకు ముందు చేసిన లెక్కలు ఇప్పుడు పనికిరావు. తెలంగాణలో ఎలక్ట్రిక్‌కు రోడ్డు ట్యాక్సు, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తి మాఫీ. 2024 నవంబరులో వచ్చిన ఆ జీవో 2026 డిసెంబర్ 31 వరకే. అదే ఐదు లక్షల పైన, పది లక్షల లోపు పెట్రోలు కారుకు 14 శాతం రోడ్డు ట్యాక్సు కట్టాలి. నాకు షోరూమ్ ధరల్లో తేడా 4 లక్షల 20 వేలు ఉంటే, ఆన్‌రోడ్‌కు వచ్చేసరికి 3 లక్షల చిల్లరకు తగ్గింది. ఆ తేడా నాకు మూడేళ్లు నిండకముందే తీరుతుంది. అదే బండిని నెలకు 500 కిలోమీటర్లు తిప్పేవాళ్లకు తొమ్మిదేళ్లు పడుతుంది. మామగారి 310కి అసలు లెక్కే వేయలేదు. పాత పెట్రోలు కారుకే కొత్త టైర్లు వేయించి ఇచ్చాం.

రెండు మాటలు నమ్మకండి. ఒకటి, లోను వడ్డీ మీద లక్షన్నర ఇన్‌కమ్ ట్యాక్సు మినహాయింపు. 80ఈఈబీ సెక్షన్ కింద అది 2023 మార్చి 31 లోపు మంజూరైన లోన్లకే. నాకు ఒకచోట ఇంకా అదే చెప్పి బండి అంటగట్టబోయారు. రెండోది, ఇన్సూరెన్సు తక్కువన్న మాట. ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి తప్పనిసరిగా కట్టే థర్డ్ పార్టీ ఇన్సూరెన్సులో ఎలక్ట్రిక్‌కు 15 శాతం తగ్గింపు ఉన్నమాట నిజమే. కానీ శ్లాబు మోటారు కిలోవాట్లను బట్టి పడుతుంది. 65 కిలోవాట్లు దాటితే ఏడాదికి 6,712. మామూలు 1200 సీసీ పెట్రోలు కారుకు 3,416. తగ్గింపు పోగా కూడా నాది రెట్టింపే అయింది.

రేంజ్ సంగతికొస్తే, బ్రోచరు మీది అంకెను పక్కన పెట్టండి. టాటా నెక్సాన్ ఈవీలో 45 కిలోవాట్ అవర్ల, అంటే 45 యూనిట్లు పట్టే బ్యాటరీ ఉన్న బండికి పరీక్షలో వచ్చింది 489 కిలోమీటర్లు. నిజ జీవితంలో 350 నుంచి 370 అని ఆ కంపెనీయే రాసుకుంది. నాది కూడా అంత బ్యాటరీ బండే. హైవే మీద ఏసీ వేసి 95లో పోతే నాకు 270 వస్తుంది. హన్మకొండ నుంచి హైదరాబాద్ 145. పోయిరావడానికి మధ్యలో ఒకసారి చార్జింగ్ తప్పదు. టెస్ట్ డ్రైవ్‌కు వెళ్తే చౌరస్తా చుట్టూ తిప్పి తేవద్దు. మీరు రోజూ వెళ్లే దారిలోనే, మీ ఇంటి నలుగురినీ ఎక్కించుకుని, ఏసీ వేసి, బయలుదేరినప్పుడు ఎంత శాతం, దిగినప్పుడు ఎంత శాతం అని రాసుకోండి. మే నెలలో అయితే మరీ మంచిది.

“ఇంట్లో చార్జింగ్‌కు పదిహేను గంటలు పడుతుందట కదా” అని భయపడతారు. ఖాళీ బ్యాటరీ నిండాలంటే మామూలు 15 ఆంపియర్ల ప్లగ్గు మీద అంత పడుతుంది, నిజమే. కానీ నా రోజు వాడకం ఐదో వంతు. రాత్రి భోజనం చేసి పెడితే పడుకునేలోపే నిండుతుంది. గోడకు బిగించే పెద్ద చార్జరు, వాల్ బాక్సు, నాకు ఇప్పటిదాకా అవసరం పడలేదు. మీకు కావాలంటే 7.2 కిలోవాట్లకు ఇంటి లోడు సరిపోతుందో లేదో లైన్‌మన్‌తో ముందే మాట్లాడుకోండి.

ఆ ప్లగ్గు దగ్గర మాత్రం కక్కుర్తి పడకండి. బండి ఇంటికొచ్చిన మొదటి రాత్రి చార్జరు పెడితే ఎర్ర లైటు. ఇంకో ప్లగ్గులో పెట్టినా అంతే. బండి పాడైందని షోరూమ్‌కు ఫోన్ మీద ఫోన్ చేశాను. తెల్లారి ఎలక్ట్రీషియన్ వచ్చి చూస్తే ఇంటికి ఎర్తింగే లేదు. ఇల్లు కట్టినప్పుడు తీసిన ఎర్త్ గుంత ఎండి రాయైపోయింది. పాతికేళ్లుగా గీజరూ వాషింగ్ మెషీనూ అలాగే నడిచాయన్నమాట. తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. కొత్త గుంత తీయించి, పైపు దించి, బొగ్గూ ఉప్పూ వేయించి, మీటరు బోర్డు నుంచి విడిగా 4 స్క్వేర్ ఎం.ఎం. వైరు, దానికో ఎంసీబీ పెట్టించాను. 6,500 అయింది. ఎండాకాలంలో వారానికోసారి ఆ గుంతలో బిందెడు నీళ్లు పోస్తాను. మీరు ఈ పని బుకింగ్ రోజే మొదలుపెట్టండి, డెలివరీ రోజు కాదు.

ఇప్పుడు బామ్మర్ది సంగతి. భూపాలపల్లిలో అద్దె పోర్షన్. విత్తనాలు, పురుగు మందుల వ్యాపారం. కాటారం, మహదేవపూర్, ఏటూరునాగారం తిరుగుతాడు, నెలకు 3,000 కిలోమీటర్లకు తగ్గదు. బండి రాత్రి వీధిలోనే. “నువ్వు కొన్నావు కదా బావా, నేనూ అదే తీసుకుంటా” అన్నాడు. వద్దన్నాను. బయటి ఫాస్ట్ చార్జర్ల దగ్గర, చార్జింగ్ మీది 18 శాతం జీఎస్టీతో కలిపి, నేను కట్టింది యూనిట్‌కు 18 నుంచి 24. హైవేలో 6 కిలోమీటర్లు ఇస్తే 24 చొప్పున కిలోమీటరు 4 రూపాయలు పడింది. వాడి దారుల్లో డీజిల్ 20 ఇస్తే 4.80లోపే. ఆ 80 పైసల కోసం రెండు మూడు రోజులకోసారి చార్జరు వెతుక్కుంటూ గంట కూర్చోవాలి. సీజన్లో వాడికి ఆ గంట విలువ వేరు. డీజిల్ తీసుకున్నాడు, సరైన పనే చేశాడు. ఒక జాగ్రత్త మాత్రం చెప్పాను: 2020 తర్వాతి డీజిల్ కార్లలో పొగగొట్టం దారిలో మసిని పట్టి ఆపే డీపీఎఫ్ అనే ఫిల్టరు ఉంటుంది. రోజూ ఊళ్లో రెండు మూడు కిలోమీటర్లే తిప్పితే అది పూడుకుపోతుంది. మైలేజీ కోసం డీజిల్ కొని బజారుకూ బడికీ వాడేవాళ్లు ఇది తెలియక వేలు పోసి బాగు చేయించుకుంటున్నారు.

వాడు నన్ను ఊరికే వదల్లేదు. “నీ కారు నడిచేది మా చెల్పూరు బొగ్గుతోనే కదా బావా” అన్నాడు. అక్కడి కాకతీయ థర్మల్ కేంద్రం 1,100 మెగావాట్లు. కాదనలేను. మా మేడ మీద 3 కిలోవాట్ల సోలార్ పెట్టించాలని చూస్తున్నాను. కేంద్రం సబ్సిడీ 78,000 వస్తుంది, రోజుకు పన్నెండు యూనిట్లు పండితే పై శ్లాబులన్నీ మాయమవుతాయి.

పెద్ద బ్యాటరీకి ఎనిమిదేళ్లు లేదా 1,60,000 కిలోమీటర్ల వారంటీ మామూలుగా దొరుకుతుంది. మొదటి ఓనరుకేనా, కొన్నవాళ్లకూ బదిలీ అవుతుందా అన్నది చదివి సంతకం పెట్టండి, ఎందుకంటే ఎలక్ట్రిక్ బండికి సెకండ్ హ్యాండ్ ధర ఇంకా నిలబడలేదు. మూడేళ్లకోసారి కారు మార్చే అలవాటుంటే పెట్రోలుతోనే ఉండండి. నేను ఎనిమిదేళ్లు వాడేలా లెక్క వేసుకున్నాను.

చివరగా, ఇంకో బ్యాటరీ ఉందని మరిచిపోకండి. మామూలు కార్లలో ఉండే చిన్న 12 వోల్టులదే. దసరా సెలవులకు ఊరెళ్లి పన్నెండు రోజుల తర్వాత వస్తే, పెద్ద బ్యాటరీలో 80 శాతం ఉంది, బండి మాత్రం రిమోట్ నొక్కినా తలుపు కూడా తెరవలేదు. చిన్నది చచ్చిపోయింది. తాళం చెవితో ముందు తలుపు తీసి, పక్కింటి పెట్రోలు కారును తెచ్చి జంపర్ కేబుల్ తగిలిస్తే లేచింది. ఇప్పుడు కేబుల్ డిక్కీలో కాదు, ఇంట్లో పెట్టుకున్నాను. డిక్కీ కూడా తెరుచుకోదు కదా.