పాత ఇంటికి బయలుదేరిన పార్సిల్‌ను దారి మళ్లించడం: సమస్య - పరిష్కారం

మంగళగిరి చీరలను ఇంటి నుంచే అమ్మి, స్పీడ్ పోస్టులోనూ కొరియర్‌లోనూ పంపించే పని నాది కాబట్టి, "అయ్యో, ఆ ఇల్లు ఖాళీ చేసి ఆరు నెలలైందండీ, ఆర్డరు పెట్టేటప్పుడు చూసుకోలేదు" అనే ఫోను నాకు కొత్త కాదు. ఈ ఫోను రాగానే చాలామంది అమ్మకందారులు హెల్ప్‌లైనుకు ఫోను చేసి, ఫిర్యాదు నంబరు రాసుకుని, ఇక ఎవరో చూసుకుంటారని కూర్చుంటారు. అంతకంటే ముందు చూడవలసిన కాగితం బుకింగ్ రసీదు. అందులో అంకెలు, అక్షరాలు కలిపి 13 ఉండే ఆర్టికల్ నంబరుతో (మీ పార్సిల్ నంబరు అదే) పాటు, కౌంటరులో కంప్యూటరుకు ఎక్కించిన పిన్ కోడ్, దానికి చెందిన డెలివరీ పోస్టాఫీసు పేరు అచ్చయి ఉంటాయి. మీరు కవరు మీద ఏమి రాసినా పార్సిల్ బయలుదేరేది ఆ ఆఫీసుకే. రసీదును పర్సులో మడిచి పెట్టి, ట్రాకింగ్ పేజీని గంటకోసారి తెరిచి చూసేవారికి ఈ మాట చెప్పీ చెప్పీ విసుగొచ్చింది.

ట్రాకింగులో బుకింగ్ తప్ప మరేమీ కనిపించడం లేదు

పార్సిల్ బహుశా ఇంకా మీ ఊరి ఆఫీసులోనే ఉందని అర్థం. రసీదు, గుర్తింపు కార్డు తీసుకుని, సాయంత్రం సంచులు కట్టకముందే అదే ఆఫీసుకు వెళ్లి, ఆర్టికల్‌ను తిరిగి ఇవ్వమని గానీ చిరునామా మార్చమని గానీ కాగితం మీద రాసి అడగండి. డెలివరీ కాకముందు అలా అడిగే వెసులుబాటు పంపినవారికి ఉంది. ఫోనులో చెప్పిన మాటకు విలువ ఉండదు.

"అడ్రసీ లెఫ్ట్ వితౌట్ ఇన్‌స్ట్రక్షన్స్" అని వచ్చింది

ఈ మాటను చూసి పోస్ట్‌మ్యాన్ మీద విరుచుకుపడేవారు ఆ వాక్యాన్ని ఒకసారి నిదానంగా చదవాలి. చిరునామాదారు సూచనలు ఇవ్వకుండా వెళ్లిపోయారని దాని అర్థం. అంటే, ఇల్లు మారుతున్నప్పుడు పాత పోస్టాఫీసులో కొత్త చిరునామా రాసి ఇవ్వలేదన్న మాట. పరిష్కారం కూడా ఆ వాక్యంలోనే ఉంది, అయితే అది కొనుగోలుదారు చేతిలో ఉంది. పాత ఇంటి డెలివరీ ఆఫీసుకు ఆయనో ఆవిడో గుర్తింపు కార్డుతో వెళ్లి, "నా పేరిట వస్తున్న ఫలానా నంబరు గల స్పీడ్ పోస్ట్ ఆర్టికల్‌ను ఈ కింది చిరునామాకు పంపించగలరు" అని పోస్ట్‌మాస్టర్ గారికి రాసి, సంతకం చేసి ఇవ్వాలి. కొత్త ఇల్లు అదే ఊళ్లో ఉంటే దారి మళ్లించే శ్రమ కూడా అక్కరలేదు, కౌంటరులోనే తీసుకుని వెళ్లవచ్చు. "డోర్ లాక్డ్" అని ఉంటే ఆర్టికల్‌ను సాధారణంగా ఏడు రోజులు ఆఫీసులో అట్టే పెడతారు కనుక కొంత వ్యవధి దొరుకుతుంది. "లెఫ్ట్" అన్నప్పుడు అంత వ్యవధి దొరుకుతుందని నమ్ముకోవద్దు, ఆ రోజే కదలాలి.

చిరునామా మార్పించినా పార్సిల్ మళ్లీ పాత పేటలోనే తిరుగుతోంది

నన్ను బాగా దెబ్బ తీసినది ఇదే. కూకట్‌పల్లి నుంచి మియాపూర్‌కు మారిన ఒక కొనుగోలుదారుకు చీర పంపినప్పుడు, పైన చెప్పినదంతా ఇద్దరం తు.చ. తప్పకుండా చేశాము. ఆవిడ పాత ఆఫీసుకు వెళ్లి దరఖాస్తు ఇచ్చారు, నాకు దాని ఫోటో పంపారు, నేను చూసి బాగుందని చెప్పాను. కొత్త ఫ్లాటు నంబరు, అపార్ట్‌మెంటు పేరు, వీధి, దగ్గరలోని గుడి, అన్నీ ఉన్నాయి. నాలుగు రోజుల తరువాత ట్రాకింగులో చిరునామా దొరకలేదని వచ్చింది, ఆపై చీర మంగళగిరికి తిరుగుముఖం పట్టింది. ఇంటికి వచ్చిన కవరును బల్ల మీద పెట్టుకుని, ఆ ఫోటోను పక్కన పెట్టుకుని చూస్తే అప్పుడు కనిపించింది: చివరి వరుసలో "మియాపూర్, హైదరాబాద్ - 500072". మియాపూర్ పిన్ 500049. 500072 కూకట్‌పల్లిది. ఫ్లాటు మారింది, వీధి మారింది, పిన్ మాత్రం పాత ఇంట్లోనే ఉండిపోయింది. రాసిన ఆవిడ గమనించలేదు, చదివిన నేనూ గమనించలేదు, కాబట్టి ఆ తప్పులో పోస్టాఫీసు వాటా ఏమీ లేదు.

ఇది ఎందుకు ఇంత తరచుగా జరుగుతుందో చూడండి. ఫోనులో దాచుకున్న పాత చిరునామాను తెరిచి పై వరుసలు దిద్దుతారు, ఊరు పేరు అదే కాబట్టి కింది వరుసను ముట్టుకోరు. లేదంటే ఆధార్ కార్డు చూసి పిన్ రాస్తారు. ఆధార్‌లో రెండిళ్ల వెనకటి చిరునామా ఉన్నవారు మనలో కొల్లలు. పైగా చదివే మనిషి కన్ను పేట పేరు మీద ఆగుతుంది, అంకెల మీద ఆగదు. టపాను ఊళ్లవారీగా వేరు చేసే సార్టింగులో మాత్రం దీనికి పూర్తిగా వ్యతిరేకం. 1972 ఆగస్టు 15న పిన్ కోడ్‌ను ప్రవేశపెట్టిన ఉద్దేశమే అది: ఒకే పేరున్న ఊళ్లు, భాష తెలియని చేతిరాతలు ఎన్ని ఉన్నా, ఆరు అంకెలను బట్టి సంచి సరైన దారి పట్టాలి. మొదటి అంకె 5 అయితే తెలుగు రాష్ట్రాలు లేదా కర్ణాటక. మొదటి మూడు అంకెలు కలిస్తే సార్టింగ్ జిల్లా. చివరి మూడు అంకెలు డెలివరీ ఆఫీసు. 500072, 500049 రెండూ హైదరాబాద్ దాకా ఒకే దారిలో వెళ్లి అక్కడ విడిపోతాయి. అదే కొనుగోలుదారు విశాఖపట్నం ఎంవీపీ కాలనీకి, అంటే 530017కు మారి ఉంటే, మొదటి మూడు అంకెల దగ్గరే దారులు వేరవుతాయి.

కాబట్టి కొత్త చిరునామా చేతికి రాగానే ముందు పిన్‌ను విడిగా అడగండి. "పిన్ సరిగ్గా ఉందా అండీ" అని అడిగితే అందరూ ఉందనే అంటారు, అది పరీక్ష కాదు. కొత్త ఇంటికి ఈ మధ్య నిజంగా వచ్చి చేరిన ఏదైనా కవరు మీది చిరునామాను ఫోటో తీసి పంపమనండి, ఆ పిన్‌ను ఇండియా పోస్ట్ వెబ్‌సైటులోని పిన్ కోడ్ వెతికే పేజీలో కొట్టి వచ్చే ఆఫీసు పేరు కొత్త పేటదేనా అని చూడండి. రెండు నిమిషాల పని. ఆ తరువాతే దరఖాస్తు.

దీనికి ఒక తోక కూడా ఉంది. తిరిగి వచ్చిన అదే చీరను, కవరు కొత్తగానే ఉంది కదా అని, పాత చిరునామాను పెన్నుతో కొట్టేసి, పక్కన కొత్త చీటీ అంటించి బుక్ చేశాను. వెనక వైపున ఉన్న పాత బార్‌కోడ్ స్టిక్కరు పీకలేదు. ఒకే కవరు మీద రెండు ఆర్టికల్ నంబర్లు, రెండు పిన్‌లు ఉంటే దారిలో ఎవరు దేన్ని చదువుతారో చెప్పలేము. ఆ కవరు రెండోసారి కూడా నా గుమ్మం ముందుకే వచ్చింది. అప్పటి నుంచి వెనక్కి వచ్చిన సరుకుకు కొత్త కవరు తప్ప మరొకటి వాడడం లేదు. కవరు ఖరీదు పన్నెండు రూపాయలు.

కొరియర్‌లో పంపాను

సూత్రం అదే, గడువు ఇంకా తక్కువ. డెలివరీ కాలేదన్న ఎన్‌డీఆర్ (నాన్ డెలివరీ రిపోర్ట్) సందేశం కొరియర్ సైటులోని మీ డాష్‌బోర్డులో పడగానే స్పందించకపోతే, కొన్ని ప్రయత్నాల తరువాత పార్సిల్ ఆర్‌టీవోగా (రిటర్న్ టు ఆరిజిన్, అంటే పంపినవారికే వాపసు) మారి తిరుగు ఖర్చు మీ ఖాతాలో పడుతుంది. ఎన్‌డీఆర్‌లో చాలా సంస్థలు ఫోను నంబరును, అదే పిన్ పరిధిలోని చిరునామాను మార్చనిస్తాయి. వేరే పిన్ అయితే ఒప్పుకోవడం అరుదు. అలాంటప్పుడు రోజుల తరబడి వాదించకుండా, వెనక్కి రప్పించి మళ్లీ బుక్ చేయడమే నయం. రెండోసారి రవాణా ఖర్చు ఎవరిదో కొనుగోలుదారుతో ముందే తేల్చుకోండి, మొహమాటపడితే చీర మీద మిగిలేది ఏమీ ఉండదు.

"డెలివర్డ్" అని ఉంది, కొనుగోలుదారుకు అందలేదు

ఇక దారి మళ్లించడానికి ఏమీ లేదు. పాత ఇంటి యజమానికో, వాచ్‌మ్యాన్‌కో, ఇప్పుడు అద్దెకుంటున్నవారికో కొనుగోలుదారు స్వయంగా ఫోను చేయాలి. నా అనుభవంలో ఎక్కువసార్లు అది వాచ్‌మ్యాన్ గదిలోనే దొరికింది. అక్కడ లేకపోతే, ఎవరి చేతికి ఇచ్చారో తెలుసుకునేందుకు ఆర్టికల్ నంబరుతో ఫిర్యాదు చేయండి. 1800 266 6868 హెల్ప్‌లైను అక్కరకొచ్చేది ఇప్పుడు.

మిగిలినవి

విదేశానికి పంపినది సరిహద్దు దాటాక మీరు చేయగలిగింది దాదాపు శూన్యం. అమెరికాలో ఉన్నవారైతే అక్కడి తపాలా సంస్థ యూఎస్‌పీఎస్‌లో తామే చిరునామా మార్పు నమోదు చేసుకోవాలి. ఇక, చిరునామా అసంపూర్ణంగా ఉంది, ఫలానా గంటల్లోగా ఈ లింకులో దిద్దండి అంటూ ఇండియా పోస్ట్ పేరుతో వచ్చే ఎస్సెమ్మెస్‌లు మోసం. కంగారులో ఉన్న కొనుగోలుదారు వాటిని నొక్కే ప్రమాదం ఎక్కువ కనుక, చిరునామా మార్పు సంగతి మాట్లాడే మొదటి ఫోనులోనే ఆ మాట కూడా చెప్పండి.