ఇంటికొచ్చేదాకా చేప కోయకండి: సాల్మన్ సీజన్ జాగ్రత్తలు

మొన్న కెనడాలో, బ్రిటిష్ కొలంబియాలోని చిల్లివాక్ దగ్గర వెడ్డర్ నది పార్కింగులో నలుగురు మనవాళ్ల కూలర్‌ను ఫిషరీస్ ఆఫీసర్లు తెరిపించారు. లైసెన్సులున్నాయి, సాల్మన్ ఉంచుకోవడానికి లైసెన్సు మీద తీసుకునే సాల్మన్ స్టాంపులున్నాయి, పట్టినవి కూడా లెక్క మించలేదట. కానీ కూలర్లో ఉన్నవి చేపలు కావు, ముక్కలు. తోలు తీసి, కడిగి, ఉప్పూ పసుపూ రాసి రెండు పెద్ద జిప్‌లాక్ సంచుల్లో కుక్కేశారు. ఎన్ని చేపలో, ఏ రకమో, హేచరీలో పెంచి వదిలినవో, నదిలో సహజంగా పుట్టిన వైల్డ్‌వో ఆ సంచులు చూసి ఎవరూ చెప్పలేరు. సరుకంతా పట్టుకుపోయి చేతిలో జరిమానా టికెట్ పెట్టారు. అప్పటినుంచీ వాట్సాప్ గ్రూపుల్లో అన్యాయం, అన్యాయం అని ఒకటే గోల. అన్యాయమేమీ లేదు. రూల్ అదే.

లైసెన్సు కొనుక్కోండి, లైఫ్ జాకెట్ వేసుకోండి అని చెప్పడానికి ఇది రాయడం లేదు. అవి మీకు తెలుసు. బ్రిటిష్ కొలంబియాలో మనవాళ్లు ఏటా బుక్కయ్యే తప్పు ఒకటే: ఇంటికి చేరకముందే చేప కోసేయడం.

ఇదెందుకు జరుగుతుందో నాకు అర్థమవుతుంది. మన ఊళ్లలో చేప కొంటే మార్కెట్లోనే ముక్కలు కొట్టించుకుని వస్తాం. పొలుసూ తలా పేగులూ అక్కడే వదిలేసి సంచి పట్టుకొచ్చే అలవాటు. పైగా సర్రేలో అపార్ట్‌మెంట్, కిటికీ కింద వాసన అంటూ పక్కింటివాళ్ల ఫిర్యాదు, ఇంట్లో ఆవిడ "ఆ కంపు నా వంటింట్లో వద్దు" అనడం. అందుకని నది ఒడ్డునే పని ముగించేస్తారు. అక్కడే దొరికిపోతారు.

రూల్ చెబుతున్నా, జాగ్రత్తగా చదవండి. మీరు పట్టిన చేప రకమూ, సంఖ్యా, సైజూ ఆఫీసరు చూడగానే తెలిసేలా ఉండాలి. మీరు మామూలుగా నివసించే ఇంటికి చేరేదాకా అలాగే ఉండాలి. మోటెల్ ఇల్లు కాదు. క్యాంపింగ్ బండి ఆర్వీ ఇల్లు కాదు. పడవ కాదు. కాంప్‌బెల్ రివర్ ఊళ్లో వారాంతానికి తీసుకున్న కాటేజీ అసలే కాదు.

చేప ఒంట్లో ఒక్కో భాగం ఒక్కో సాక్ష్యం. వీపు మీద, తోకకు కాస్త ముందు, వేలి కొసంత మెత్తని చిన్న రెక్క ఉంటుంది, దాన్ని అడిపోస్ ఫిన్ అంటారు. హేచరీలో పెంచిన పిల్లల్లో చాలావాటికి దాన్ని కత్తిరించి వదులుతారు. అది లేకుండా, ఆ చోట చర్మం నున్నగా మానిపోయి ఉంటే హేచరీ చేప. రెక్క ఉంటే రూల్ లెక్కలో వైల్డ్. పచ్చిగాయం కనిపిస్తే అది మీ కత్తి పని అని ఆఫీసరుకు తెలుస్తుంది, మీకూ తెలుసు. వెడ్డర్లో కోహో రకం సాల్మన్ వైల్డ్‌దైతే నీళ్లలోకి వదిలేయాల్సిందే. తోలు ఒలిచేశాక మీది హేచరీ కోహో అని ఏం చూపించి నిరూపిస్తారు?

తలా తోకా కూడా అంతే. జార్జియా జలసంధిలో చినూక్ రకం సాల్మన్ ముక్కు కొస నుంచి తోక చీలిక దాకా 62 సెంటీమీటర్లయినా ఉండాలి. తల తీసేస్తే కొలతే లేదు. రకం తెలిసేది కూడా నోట్లోనూ తోక మీదనే. చినూక్‌కు చిగుళ్లు పూర్తిగా నలుపు, మచ్చలు తోక రెండు కొమ్మల మీదా ఉంటాయి. కోహోకు పళ్ల మొదట్లో చిగురు తెల్లగా ఉంటుంది, మచ్చలు పై కొమ్మ మీదే. పింక్ రకానికి తోక నిండా పెద్ద కోలమచ్చలు. సాకై తోక మీద మచ్చలుండవు. ఒడ్డుకు లాగిన వెంటనే నోరు తెరిచి చూడటం అలవాటు చేసుకోండి. చీకటి పడే వేళ, వానలో, ఆ ఉత్సాహంలో చినూక్‌నీ కోహోనీ కలిపేసినవాళ్లను చాలామందిని చూశాను.

మరి కంపు సంగతి? పొట్ట చీల్చి పేగులు తీయడం, మొప్పలు తీయడం తప్పు కాదు. వాసన చాలావరకు అక్కడే పోతుంది. పట్టగానే తల మీద ఒక్క దెబ్బ గట్టిగా కొట్టి, మొప్పలు కోసి, నెత్తురంతా కారనివ్వండి. పొట్ట శుభ్రం చేసి, వెన్నెముక వెంబడి ఉండే నల్లటి నెత్తురు గీతను చెంచాతో గీకేయండి. పొట్ట నిండా ఐసు కుక్కి, కూలర్ అడుగున నీళ్లు పోయే బిరడా తీసి పెట్టండి. కరిగిన నీళ్లలో నానిన సాల్మన్ కండ మెత్తబడుతుంది, అందులో పింక్ అయితే మరీ తొందరగా. తలా, తోకా, రెక్కలూ, తోలూ అన్నీ ఉండాలి. మిగతా కోత ఇంట్లో.

దూరం వెళ్లి నాలుగైదు రోజులుండేవాళ్లు లైసెన్సున్న ప్రాసెసర్‌కు ఇచ్చి ప్యాక్ చేయించుకోండి, రసీదు జేబులో పెట్టుకోండి. తోలు ఉంచి ఫిల్లెట్లు తీసి, ఏ చేపకా చేప విడిగా ప్యాక్ చేసే పద్ధతులున్నాయి. మొదటిసారి వెళ్లేవాళ్లు వాటి జోలికి పోవద్దు. అయితే తెలిసినవాళ్లు చేసినా సరే, ముక్కలన్నీ ఒకే గడ్డగా ఫ్రీజ్ చేస్తే అది మళ్లీ ఆ జిప్‌లాక్ సంచి కథే.

మిగతావి గబగబా చెబుతాను.

ఫ్రేజర్ నది మీద మిషన్ రైలు వంతెనకు దిగువన ఫెడరల్ టైడల్ (ఆటుపోట్ల నీళ్ల) లైసెన్సు, ఎగువన ప్రావిన్స్ ఇచ్చే లైసెన్సు. రెండూ వేర్వేరు, సాల్మన్ స్టాంపులూ వేర్వేరు. ఒకటి కొని రెండోచోట గాలం వేయకండి.

బయల్దేరే రోజు పొద్దున ఫెడరల్ ఫిషరీస్ శాఖ (డీఎఫ్‌ఓ) నోటీసు చూడండి. నిన్న తెరిచిన ఏరియా ఇవాళ మూసేస్తారు. "మా ఫ్రెండ్ పోయిన వారమే పట్టాడు" అన్నది జవాబు కాదు.

హుక్కు కొస దగ్గర వెనక్కి తిరిగి ఉండే ముల్లు (బార్బ్) ప్లయర్స్‌తో నొక్కేయండి. బార్బ్ ఉన్న హుక్కు పెట్టెలో కూడా తీసుకెళ్లకండి.

చినూక్ ఉంచుకుంటే అప్పటికప్పుడే లైసెన్సులో నమోదు చేయండి. ఇంటికెళ్లి కాదు, కారు దగ్గర కాదు.

నోట్లో కాకుండా పొట్టకో తోకకో హుక్కు తగిలిన చేపను వదిలేయాలి. ఎంత పెద్దదైనా.

ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల చేతికి ఫొటో కోసమైనా రాడ్ ఇవ్వకండి. నీళ్లలో గాలం ఉంటే వాళ్లు చేపలు పడుతున్నట్టే లెక్క. సముద్రానికైతే నాన్ రెసిడెంట్లకు ఒక రోజు లైసెన్సు కూడా దొరుకుతుంది, కొనండి.

మీ రోజు లిమిట్ అయిపోయిందా, రాడ్ సర్దేయండి. బావగారి లెక్కలో మీరు పట్టడం నేరం.

దగ్గర ఉంచుకోదగ్గవి మామూలుగా రెండు రోజుల లిమిట్. మోటెల్ ఫ్రిజ్‌లో ఉన్నవీ ఇందులోకే వస్తాయి. అయిదు రోజులున్నా అయిదు లిమిట్లు రావు.

వేరేవాళ్ల చేప మీ కార్లో తెస్తుంటే వాళ్ల పేరు, చిరునామా, ఫోను, లైసెన్సు నంబరు, ఏ రోజు ఎక్కడ ఏం పట్టారో రాసి సంతకం పెట్టిన కాగితం ఉండాలి. లేకపోతే అవన్నీ మీ లెక్కలోనే.

అమ్మకండి. "పెట్రోలు ఖర్చుకే ఇస్తున్నాం" అని గ్రూపులో పెట్టే మెసేజ్ కూడా అమ్మకమే. కోడికో మేకమాంసానికో మార్చుకున్నా అంతే.

సియాటిల్ నుంచి వచ్చేవాళ్లు బోర్డర్ దగ్గర చేప ఉందని ముందే చెప్పండి. మీ ఇల్లు రెడ్‌మండ్‌లో ఉంటే అక్కడికి చేరేదాకా చేప చేపలాగే ఉండాలి.

వేడర్స్ (నీళ్లలో నిలబడేందుకు వేసుకునే నీరు పట్టని ప్యాంటు) వేసుకుంటే నడుం బెల్టు బిగించండి. నవంబరు వానల్లో వెడ్డర్ గంటల్లో పెరుగుతుంది, 2021 నవంబరులో అబ్బోట్స్‌ఫర్డ్‌లో సుమాస్ ప్రెయిరీ ఎలా మునిగిందో చూశాం. నీళ్లు మట్టిరంగుకు తిరిగితే ఒడ్డెక్కండి.

పేగులు క్యాంపులో వదలకండి. ఎలుగుబంటి వస్తుంది.

కుక్కకు పచ్చి సాల్మన్ పెట్టకండి, తల కూడా వద్దు. ఆ చేపలోని పరాన్నజీవి మోసుకొచ్చే బ్యాక్టీరియాతో కుక్కలు చచ్చిపోతాయి. ఉడికించి పెడితే భయం లేదు. పిల్లలు పచ్చి చేపతో సుషీ అంటే మైనస్ 20 డిగ్రీల దగ్గర ఏడు రోజులు ఫ్రీజ్ చేశాకే. మామూలు ఇంటి ఫ్రీజర్ అంత చల్లగా ఉండకపోవచ్చు, థర్మామీటర్ పెట్టి చూడండి. పులుసుకైతే ఈ బెంగ అక్కర్లేదు.

రెక్క కత్తిరించిన చినూక్, కోహోల తలలు పారేయకండి. కొన్నిటి ముక్కు దగ్గర మిల్లీమీటరంత తీగ ముక్క ఉంటుంది, ఏ హేచరీదో ఏ ఏడాదిదో దానివల్లే తెలుస్తుంది. తీరం పొడవునా తలలు ఇచ్చే డిపోలున్నాయి. తలకాయ పులుసు ప్రియులకు ఇది కష్టమే, వాళ్లు పింక్ తల వండుకోవచ్చు. తల కోసేది మాత్రం ఇంటికొచ్చాకే.