గేటు నుంచి హాచ్ (ఓడలో సరుకు నింపే గది) దాకా: ఓడరేవులో సమస్య ఎక్కడ మొదలవుతుంది?

ఆడిట్ దగ్గర పడగానే అందరం ఫైళ్ల మీద పడతాం. నాణ్యతకు ఐఎస్ఓ 9001 అయినా, పర్యావరణానికి 14001 అయినా, 2004 జులై 1 నుంచి అమలవుతున్న ఐఎస్‌పీఎస్ భద్రతా కోడ్ అయినా, తప్పు ముందుగా కనబడేది యార్డులో. అక్కడే వెతకాలి. షిఫ్టులో మాటిమాటికీ ఎదురయ్యే నాలుగు సమస్యలు ఇవి.

కంటైనర్ తలుపు సీలు నంబరు కాగితంతో కలవడం లేదు

చాలాసార్లు కస్టమ్స్ తనిఖీ తర్వాత కొత్త సీలు వేసి, ఆ నంబరు కాగితాల్లో మార్చి ఉండరు. ఒక్కోసారి నిజంగానే ఎవరో తలుపు తెరిచి ఉంటారు. ఏది నిజమో తేలేదాకా లారీని లోపలికి వదలొద్దు, పక్కన ఆపించండి. సీలును లాగి, మెలితిప్పి చూడండి. జిగురుతో అతికించినదైతే ఊడి వస్తుంది. తలుపు హ్యాండిల్ రివెట్లు కూడా చూడాలి. ఒక్క రివెట్ మీదే కొత్త రంగు మెరుస్తుంటే, సీలు ముట్టుకోకుండానే తలుపు తీశారేమో అని అనుమానించాల్సిందే. ఫొటో తీసి రేవు భద్రతాధికారికి చెప్పండి.

క్రేన్ చూపే బరువు వేరు, కాగితం మీద బరువు వేరు

సరుకు బరువు కూడి, లోపల బిగించిన చెక్కలు, ప్యాకింగ్ బరువు కలపడం మరిచిపోతారు. మళ్లీ కాటా వేయించడమే దారి. ధ్రువీకరించిన బరువు లేని కంటైనర్‌ను ఓడ ఎక్కించకూడదన్నది 2016 జులై 1 నుంచి అంతర్జాతీయ నిబంధన.

హాచ్‌లో ఇనుప ఖనిజం పొడి తడిగా మెరుస్తోంది

నన్ను అన్నిటికంటే భయపెట్టేది ఇదే. గ్రాబ్ (క్రేన్‌కు వేలాడే ఇనుప దోసిలి) వదిలిన చోట కుప్ప నిలబడకుండా చదునుగా పరుచుకుంటున్నా, బురద చిమ్ముతున్నా వెంటనే లోడింగ్ ఆపించండి. తేమ పరీక్ష అయ్యాక బయట కుప్ప మీద వాన పడి ఉంటుంది, లేదా నమూనా పైపైన తీసి ఉంటారు. చూడ్డానికి గట్టిగా ఉన్న పొడి కూడా సముద్రంలో ఓడ ఊగుతుంటే, అదురుతుంటే గింజల మధ్య నీటి ఒత్తిడి పెరిగి చిక్కటి ద్రవంలా కదులుతుంది. ఓడ ఒక పక్కకు ఒరిగితే సరుకూ అటే జారుతుంది, ఇక ఓడ నిటారుకు రాదు. 2009లో మన తీరాల్లోనే ఏషియన్ ఫారెస్ట్, బ్లాక్ రోజ్ అనే రెండు ఓడలు ఇనుప ఖనిజం పొడితో మునిగిపోయాయి.

అక్కడికక్కడ చేయగలిగినది డబ్బా పరీక్ష. అర లీటరు నుంచి లీటరు పట్టే డబ్బాలో సగం దాకా పొడి నింపి, సుమారు 20 సెంటీమీటర్ల ఎత్తు నుంచి గట్టి నేల మీద 25 సార్లు కొట్టాలి, దెబ్బకూ దెబ్బకూ మధ్య ఒకటి రెండు సెకన్లు. పైకి నీరు తేలినా, పొడి జావలా మారినా మళ్లీ ల్యాబ్ పరీక్ష చేయించాలి. నీరు తేలలేదని సరుకు మంచిదని మాత్రం అనుకోవద్దు, ఆ మాట ల్యాబే చెప్పాలి. తేమ పరీక్షకూ లోడింగ్‌కూ మధ్య 7 రోజులకు మించి గడవకూడదు. మధ్యలో పెద్ద వాన పడితే ఆ కాగితం చెల్లదు, మళ్లీ నమూనా తీయాల్సిందే. ఓడ ఆగితే డబ్బు పోతుందని ఒత్తిడి చేసేవాళ్లు ఉంటారు. ఓడలో ఇరవైమందికి పైగా మనుషులుంటారని వాళ్లకు గుర్తుచేయండి.

చుట్టుపక్కల మేడల మీద నల్ల పొడి

రేవు పక్కనే ఉన్న విశాఖ వన్‌టౌన్ వాళ్లకు ఈ బాధ కొత్తగా చెప్పక్కర్లేదు. ఆరేసిన తెల్లచీర అంచు మీద వేలు రాస్తే నల్లగా అంటుకుంటుంది. అందరూ బొగ్గు కుప్పనే తిడతారు గానీ, ముందు రోడ్డు చూడండి. లారీల నుంచి రాలిన బొగ్గును టైర్లు మెత్తగా నూరి గాలికి లేపుతాయి. రెండో చోటు హాపర్, అంటే గ్రాబ్ తెచ్చిన బొగ్గును కిందికి జార్చే పెద్ద గరాటు. గ్రాబ్‌ను దాని అంచు దాకా దించకుండా పైనుంచే తెరిస్తే దుమ్ము మబ్బులా లేస్తుంది. లారీలకు టార్పాలిన్ పట్టా కట్టించాలి, బయటికి పోయే ముందు చక్రాలు కడిగించాలి, రోడ్డు యంత్రంతో ఊడ్పించాలి. నీళ్లు చల్లడం గడియారం చూసి కాదు, గాలి చూసి చేయాలి. మధ్యాహ్నం సముద్రపు గాలి ఊరివైపు తిరుగుతుంది కాబట్టి అంతకు ముందే కుప్పలు తడిసి ఉండాలి.

అలాగని నీళ్లు గుమ్మరిస్తే ఆ నల్లనీరంతా కాలువల్లోంచి సముద్రంలో కలుస్తుంది. కాలువ చివర మడ్డి దిగే గుంత ఉందా, అది పూడిపోయిందా చూడండి. కర్ర దించితే సగం దాకా మడ్డి తగిలిందంటే, తొలకరికి ముందే తోడించండి.