ఇంజిన్ విప్పకముందే లోపలి అరుగుదలను పట్టుకోవడం

సైలెన్సర్ నుంచి కాస్త పొగ కనిపించగానే బోరు (పిస్టన్ కదిలే సిలిండరు లోపలి గోడ) పోయిందని తేల్చేసి ఇంజిన్ విప్పించడం తొందరపాటు. లోపల అరిగిన భాగమేదో పొగ, కంప్రెషన్ (సిలిండరులో నొక్కుకునే గాలి ఒత్తిడి), ఆయిల్, శబ్దం చాలావరకు బయటినుంచే చెప్పేస్తాయి. ఈ వివరాలు ఒకే సిలిండరున్న ఫోర్ స్ట్రోక్ మోటారు సైకిళ్లకు వర్తిస్తాయి.

సమస్య: నీలిపొగ వస్తోంది, ఆయిల్ మట్టం తగ్గుతోంది

నీలిపొగ అంటే ఆయిల్ మండుతోందని అర్థం. అది ఏ దారిన లోపలికి చేరుతోందో తెలియాలంటే పొగ ఎప్పుడు వస్తోందో గమనించాలి. రాత్రంతా నిలిపిన బండిని స్టార్ట్ చేయగానే గుప్పున వచ్చి కాసేపటికి ఆగిపోయినా, పల్లంలో యాక్సిలరేటర్ వదిలేసి దిగి మళ్లీ తిప్పినప్పుడు ఒక్కసారిగా వచ్చినా వాల్వ్ సీళ్లనో (వాల్వ్ కాడ వెంట ఆయిల్ దిగకుండా ఆపేవి) గైడ్లనో (ఆ కాడ కదిలే గొట్టాలు) అనుమానించాలి. ఎత్తు ఎక్కేటప్పుడు, బరువు లాగేటప్పుడు ఆగకుండా వస్తుంటే పిస్టన్ చుట్టూ ఉండే రింగులు, సిలిండరు గోడ అరిగి ఉండే అవకాశం ఎక్కువ. చలి ఉదయాన కనిపించి మాయమయ్యే తెల్లని ఆవిరి అరుగుదల కాదు. ప్లగ్గు కూడా ఊడదీసి చూడాలి: కొన తడిగా, జిడ్డుగా, నల్లగా ఉంటే ఆయిల్ చేరుతున్నట్టు; వేలికి పొడిమసి అంటితే గాలితో కలిసే పెట్రోలు ఎక్కువైనట్టు, దానికి రింగులు మార్చి లాభం లేదు.

సమస్య: ఇంజిన్ లాగడం లేదు, కిక్ తేలిగ్గా దిగిపోతోంది

కంప్రెషన్ తగ్గితే ఇలా జరుగుతుంది. ఆ ఒత్తిడిని కొలిచే గేజ్ పెట్టకముందే, చల్లటి ఇంజిన్‌పై ట్యాపెట్ క్లియరెన్స్ (వాల్వ్‌కూ దాన్ని నొక్కే భాగానికీ మధ్య ఉండే సందు) చూసుకోవాలి. సందు లేకుండా బిగిసిన వాల్వ్ పూర్తిగా మూసుకోదు కనుక కొన్నిసార్లు ఆ సర్దుబాటుతోనే సమస్య తీరిపోతుంది. తీరకపోతే ఇంజిన్‌ను వేడెక్కించి, ప్లగ్గు తీసి, ఇగ్నిషన్ పనిచేయకుండా చేసి, గేజ్ బిగించి, యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పి పట్టుకుని, ముల్లు పెరగడం ఆగేవరకు కిక్ కొట్టాలి. యాక్సిలరేటర్ తిప్పడం మరిస్తే గాలి చాలక మంచి ఇంజిన్ కూడా తక్కువే చూపిస్తుంది.

సర్వీస్ మాన్యువల్‌లో ఉన్న అంకె కంటే తక్కువ వస్తే ప్లగ్గు రంధ్రంలో సుమారు 5 మిల్లీలీటర్ల ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ కొలవాలి. ఆ ఆయిల్ రింగుల చుట్టూ చేరి సందును తాత్కాలికంగా మూస్తుంది కాబట్టి, ముల్లు బాగా పైకి లేస్తే లోపం రింగుల్లోనో బోరులోనో ఉంది. పెద్దగా కదలకపోతే వాల్వుల్లోనో, సిలిండరుకూ దాని పైమూత అయిన హెడ్‌కూ మధ్య ఉండే హెడ్ గాస్కెట్‌లోనో ఉంది.

వాల్వుల దోషమైతే హెడ్ దించి, వాల్వులు ఆనే సీట్లు సరిచేయించి, సీళ్లు మార్చాలి. రింగులవైపు తేలితే సిలిండరును పైన, మధ్యలో, కింద రెండేసి దిశల్లో కొలిపించాలి. గుండ్రతనం తప్పిన బోరులో కొత్త రింగులు మాత్రమే వేయడం, నా లెక్కలో, డబ్బు దండగ. బోరింగ్ చేయించి (బోరును కాస్త పెద్దదిగా కోయించి) పెద్ద సైజు పిస్టన్ వేయాలి, లోపల పూత ఉన్న సిలిండరైతే సాధారణంగా దాన్నే మార్చాలి.

సమస్య: తీసిన ఆయిల్‌లో లోహపు మెరుపు

ఆయిల్‌ను వెచ్చగా ఉండగానే దించి, చివరి కాస్తను తెల్లటి పళ్లెంలోకి వంపి, ఎండలో అటూ ఇటూ వాల్చి చూడాలి. డ్రెయిన్ బోల్టు అయస్కాంతానికి పట్టిన బూడిదరంగు మెత్తటి ముద్ద మామూలే. గోటికి తగిలే రేకులు అయస్కాంతానికి అంటితే గేర్లు, బేరింగులు, కామ్ చైన్ (వాల్వులను నడిపించే లోపలి చైన్) వంటి ఉక్కు భాగాలు; అంటకుండా వెండిలా మెరిస్తే పిస్టన్, హెడ్ వంటి అల్యూమినియం భాగాలు; పసుపురంగులో ఉంటే ఇరుసులు తిరిగే చోట వేసే గొట్టాల్లాంటి బుష్‌లు. రేకులు కనిపించాక ఆయిల్ మార్చి ఊరుకోకూడదు, ఆ భాగాన్ని విప్పి చూడవలసిందే.

సమస్య: ఇంజిన్‌లో కొట్టుకునే శబ్దం

చల్లగా ఉన్నప్పుడు వినిపించి వేడెక్కాక తగ్గే టపటప సాధారణంగా పిస్టన్‌ది, మరమ్మతుకు కొన్నాళ్లు ఆగవచ్చు. పక్కనుంచి వచ్చే గరగర కామ్ చైన్ లేదా దాన్ని బిగువుగా ఉంచే టెన్షనర్‌ది. అడుగునుంచి, బరువు పడినప్పుడు పెరిగే మొద్దు దెబ్బ వినిపిస్తే మాత్రం బండి నడపడం ఆపాలి. సిలిండరు తీశాక, పిస్టన్‌ను క్రాంక్ (ఇంజిన్ అడుగున తిరిగే ఇరుసు)తో కలిపే కనెక్టింగ్ రాడ్‌ను పట్టుకుని నిలువుగా పైకీ కిందకీ లాగితే ఏమాత్రం ఆట తగలకూడదు. తగిలితే క్రాంక్ విప్పించి రాడ్, పిన్ను, బేరింగు కలిపి మార్పించాలి. పక్కలకు కనిపించే కొద్దిపాటి కదలిక డిజైన్‌లో ఉన్నదే, దాన్ని చూసి రాడ్ పోయిందనుకోనక్కర్లేదు.