టీవీ సైన్స్ ఫిక్షన్ రాద్దాం – నాలుగో పాఠం: నవ్వూ బాధా ఒకే గిన్నెలో

ఎపిసోడ్‌కి ఒక్క వింత, అంటే మామూలు లోకంలో జరగని ఒక్క సంగతి, చాలని పోయిన పాఠంలో అనుకున్నాం. ఆ వింతకి నియమాలు రాసి పెట్టుకోమన్నాను. ఆ కాగితం దగ్గర పెట్టుకోండి, ఈరోజు పనంతా దానితోనే.

హాస్యం అనగానే మనకి కామెడీ ట్రాక్ గుర్తొస్తుంది. ఇది పాత అలవాటే. తోలుబొమ్మలాటలో కేతిగాడూ బంగారక్కా వచ్చి నవ్వించి వెళ్లేవారు, తర్వాత కథ మళ్లీ అందుకునేది. తెల్లవార్లూ సాగే ఆటకి అది కావాలి. నలభై నిమిషాల ఎపిసోడ్‌కి మాత్రం దెబ్బ. కృష్ణానగర్‌లో ఒక నిర్మాత నా స్క్రిప్టు విని, "బరువెక్కువైంది, ఇద్దరు వాచ్‌మెన్ల కామెడీ పెట్టండి" అన్నారు. పెట్టాను. మళ్లీ చదివి వినిపించినప్పుడు ఆ సీన్లకి అందరూ నవ్వారు. ఆ వెంటనే వచ్చిన ఆసుపత్రి సీనుకి ఒక్కరూ కదల్లేదు. వాచ్‌మెన్లకి ఆ కథతో సంబంధం లేదు. వాళ్లతో పాటు వినేవాళ్లు కూడా కథలోంచి బయటికి వచ్చేశారు.

అందుకే నవ్వొచ్చినా ఏడుపొచ్చినా ఆ ఒక్క వింతలోంచే రావాలని అంటాను.

అంతరిక్ష ఓడలో సాగే సీరియల్ స్టార్ ట్రెక్‌లో 1967 డిసెంబర్ 29న అమెరికాలో ప్రసారమైన ఎపిసోడ్ ఒకటి ఉంది, డేవిడ్ జెరోల్డ్ రాశారు. ట్రిబుల్స్ అనే చిన్న బొచ్చు ప్రాణులు తిండి దొరికితే చాలు, పిల్లల్ని పెడుతూనే ఉంటాయి. ఓడ కెప్టెన్ కిర్క్ ధాన్యం నిల్వ చేసిన చోట తలుపు తీయగానే అవన్నీ నెత్తిన కురిసి అతన్ని కప్పేస్తాయి. ఎన్ని ఉంటాయంటే కిర్క్ సహచరుడు స్పాక్ తొణక్కుండా లెక్క చెబుతాడు: 17,71,561. ఇంటిల్లిపాదీ నవ్వే సీను అది. అదే కుప్పలో చాలా ప్రాణులు చచ్చి ఉన్నాయని అప్పుడే బయటపడుతుంది. ధాన్యంలో విషం కలిసింది. నవ్వించిన కుప్పే నేరానికి సాక్ష్యం. మధ్యలో సీను కూడా మారలేదు, గమనించండి.

2000లో వచ్చిన స్టార్‌గేట్ ఎస్‌జీ-1 ఎపిసోడ్ 'విండో ఆఫ్ ఆపర్చునిటీ' ఇంకా లోతుగా వెళ్తుంది. స్టార్‌గేట్ అంటే వేరే గ్రహాలకి తీసుకెళ్లే ద్వారం. దాని గుండా వెళ్లే బృందంలోని ఓనీల్, టీల్క్ ఇద్దరికీ ఒకే రోజు మళ్లీ మళ్లీ వస్తుంది, మిగతావాళ్లకి ఏదీ గుర్తుండదు. ఏం చేసినా రేపటికి చెరిగిపోతుంది కాబట్టి ఇద్దరూ స్టార్‌గేట్‌లోకి గోల్ఫ్ బంతులు కొడతారు. పడీ పడీ నవ్వుతాం. చివర్లో తెలుస్తుంది, ఇదంతా చేసింది చనిపోయిన భార్యని మళ్లీ చూడాలనుకున్న ఒక మనిషి. ఓనీల్ కొడుకుని పోగొట్టుకున్నవాడు. ఆ దుఃఖాన్ని మళ్లీ బతకలేనని అతనికి చెబుతాడు. రోజు తిరిగి వస్తుంది అనే ఒక్క నియమమే గోల్ఫ్‌నీ, ఈ మాటనీ రెండింటినీ ఇచ్చింది.

ఇప్పుడు మన సొంత కథ. వనస్థలిపురంలో ఒక ఇల్లు, పాత ఫ్రిజ్. నియమం: ఒక రాత్రి అందులో ఉన్న గిన్నె, తిన్నా పారబోసినా, తెల్లారేసరికి మళ్లీ నిండుగా ఉంటుంది. కరెంటు పోతే అంతా అయిపోతుంది. ఆ గిన్నెలో ఉన్నది దోసకాయ పప్పు.

ముందు నవ్వు తోడండి. పదకొండు రోజులుగా అల్లుడి ఆఫీసు డబ్బాలో అదే పప్పు. పైగా ఉప్పెక్కువ. "ఉప్పెక్కువైంది" అని రోజూ ఎవరో ఒకరు అంటూనే ఉంటారు. కూతురు కొత్త కూర వండుతానంటే తండ్రి వద్దంటాడు.

ఆ పప్పు వండింది అమ్మ. ఆ రాత్రే నిద్రలో పోయింది. భోజనం దగ్గర ఆయన ఆమెతో చివరగా అన్న మాట కూడా "ఉప్పెక్కువైంది" అనే.

ఈ సంగతి ప్రేక్షకుడికి ఎప్పుడు తెలియాలి? నేనైతే మెకానిక్ వచ్చిన సీన్లో పెడతాను. "కంప్రెసర్ పోయింది అంకుల్, ఎక్స్చేంజ్‌ల ఇచ్చేయండి, కొత్తదొస్తది" అంటాడు అతను. "మధ్య అర ఒక్కటి చల్లగా ఉంటే చాలు బాబూ" అంటాడు ఆయన. మెకానిక్ మాటలు మామూలుగా సరదాగానే సాగనివ్వండి, పాపం అతనికేమీ తెలియదు. కూతురు మాత్రం నాన్న వైపు చూడాలి. ఆ చూపుకి మ్యూజిక్ వద్దు, డైలాగు అసలే వద్దు. ఇక్కడ చాలామంది తండ్రి చేత రెండు పేజీలు మాట్లాడిస్తారు. దయచేసి ఆ పని చేయకండి.

తర్వాత కరెంటు పోతుంది. ఇన్వర్టర్ కోసం ఇంటిల్లిపాదీ పరుగులు, పక్కింటి నుంచి కిటికీలోంచి వైరు లాగడం, అల్లుడు చీకట్లో చెప్పుల స్టాండుకి తగిలి పడటం. ఇప్పుడు వాళ్లు దేనికోసం పరుగెడుతున్నారో మనకి తెలుసు కాబట్టి నవ్వుతూనే ఊపిరి బిగపడతాం. ఆ సీను చివర గిన్నె ఆఖరిసారి బల్ల మీదికి వస్తుంది. తండ్రి ఒక ముద్ద కలుపుకుంటాడు.

ఆయన ఏమంటాడో మీరు రాయండి. నాలుగు మాటలకి మించకూడదు, అందులో 'ఉప్పు' అనే మాట ఉండాలి. ఆ తర్వాత మీ కాగితం మీది నియమం కింద రెండు గీతలు గీసి, అది ఎక్కడ నవ్విస్తుందో ఒక గీత మీద, ఎవరిని నొప్పిస్తుందో రెండో గీత మీద రాయండి. రెండో గీత ఖాళీగా మిగిలితే వింతని మార్చండి. ఐదో పాఠంలో ఆ కాగితంతోనే సీన్ ఆర్డర్ వేద్దాం.